ఏథెన్స్, స్పార్టాల పోలిక: కార్వాన్ నుంచి ఒక చూపు

ఏథెన్స్ అంటే స్వేచ్ఛ, స్పార్టా అంటే క్రమశిక్షణ అని పాఠ్యగ్రంథాలు రెండు మాటల్లో తేల్చేస్తాయి. ఈ విభజన ఎవరి కలం నుంచి వచ్చిందో విద్యార్థులు ముందుగా గమనించాలి. స్పార్టన్లు స్వయంగా రాసుకున్న చరిత్ర దాదాపు మిగలలేదు. వారిని మెచ్చుకున్న జెనోఫోన్ ఏథెన్స్‌వాడు; సొంత నగరం బహిష్కరిస్తే, స్పార్టా ఇచ్చిన భూమి మీద బతికినవాడు.

మన హైదరాబాదు వర్ణనల్లోనూ ఇదే చిక్కు ఉంది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ యాత్రాగ్రంథం 1676లో అచ్చయింది. వంతెన చేరకముందు వచ్చే శివారులో వర్తకులు, దళారులు, చేతివృత్తులవారు ఉంటారనీ, నగరంలో రాజోద్యోగులు, సైనికులు మాత్రమే ఉంటారనీ అతను రాశాడు. వర్తకులు పగలు నగరంలో బేరాలు చేసి, సాయంత్రానికి ఇళ్లకు మళ్లుతారట. బేరం వేళలు అంత కచ్చితంగా చెప్పడంలో వింత లేదు, అది అతని వృత్తి! ఆ వర్తకుల మాట మాత్రం వినిపించదు. పైగా అతను గీసిన గీత అంత గట్టిది కాదు. పురానాపూల్‌కు గోల్కొండ వైపున, వర్తకుల పేటగా పేరుపడ్డ కార్వాన్‌లోనే, అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మహల్‌దారు మూసాఖాన్ 1671లో టోలీ మసీదు కట్టించాడు.

ఈ జాగ్రత్తతోనే గ్రీసును చదవాలి. ఏథెన్స్ వర్తకంలో, చేతిపనుల్లో మెటిక్‌ల పాత్ర పెద్దది. వారికి పౌరసత్వం లేదు. స్పార్టాలో ఆ పనులు పెరియోకులవి, పొలం దున్నింది హెలాట్‌లు. పౌరుల జీవితాలు ఎంత వేరైనా, వారిని పోషించినవారికి రెండుచోట్లా సభలో చోటు లేదు. జెనోఫోన్ స్పార్టా శిక్షణను పొగిడిన పుటల్లో హెలాట్‌ల సంగతి దాదాపు కనిపించదు.