త్యాగమూర్తి బిడ్డ ఎక్కడ?

నర్సును గురించిన మన కథలు చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఆమెను త్యాగమూర్తి అంటారు. సరే, ఆమె రాత్రి డ్యూటీకి వెళితే బిడ్డ ఎవరి దగ్గర పడుకుంటుంది? కథకుడు చెప్పడు. కొండాపూర్‌లో ఐటీ కార్యాలయాలతోపాటు ఆసుపత్రులూ రాత్రంతా మేలుకునే ఉంటాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 26 వారాల సెలవిచ్చారు; 50 మంది, అంతకుమించి పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు 4 సార్లు బిడ్డను చూసి రావచ్చుననీ అన్నారు. మంచిదే. కాని సాయంత్రానికి ఆ గదికి తాళం పడితే, రాత్రి షిఫ్టు తల్లికి ఆ 4 సార్లూ కాగితం మీదివే. ఆశా కార్యకర్త సంగతి మరీ విచిత్రం. ఊళ్ళోవాళ్ళ కాన్పులకు తోడు వెళ్ళే ఆమెను ప్రభుత్వం ఉద్యోగిగానే లెక్కించదు!

వృత్తి మీద ప్రేమా, బిడ్డ మీద ప్రేమా ఆమె గుండెలో పోట్లాడుకుంటున్నాయని రాయడం సగం వాస్తవికతే. అసలు పోట్లాట డ్యూటీ చార్టుతో. ఆ చార్టు రాసే చేతిని చూపిన కథకోసం నేనింకా వెతుకుతున్నాను.