సంకలన పద విచారము - రామదాసు కీర్తనలు

సంకలనము, సంగ్రహము, పరిష్కరణము అను పదములను గ్రంథముల ముఖపత్రములపై పర్యాయములవలె వాడుట కలదు. ఇది యుక్తము కాదు. సంస్కృత గణితమున సంకలనమనగా కూడిక. సంగ్రహమునకు కూర్చుట, కుదించుట అను రెండర్థములు కలవు. పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితము' పేరున రెండును స్ఫురించును. పరిష్కరణమనగా ప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించుట.

ఈ భేదము రామదాసు కీర్తనల విషయమున మిక్కిలి ముఖ్యము. తాళ్ళపాకవారి సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై నిలిచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులకు వ్రాతలోనే ఆధారము లభించినది. 17వ శతాబ్దివాడైన కంచెర్ల గోపన్న కీర్తనలకు అట్టి రేకులు లభింపలేదు. అవి భజనగోష్ఠులలో నోటినుండి నోటికి సాగి, పిమ్మట అచ్చునకెక్కినవి. తరువాతి కాలమున తూము నరసింహదాసును భద్రాద్రిరామునిపైననే కీర్తనలు రచించెను. కావున భద్రాద్రి ప్రసక్తియు, 'దాసు' అను ముద్రయు ఉన్నంతమాత్రమున కీర్తన గోపన్నదని చెప్పజాలము. కూడికలో అంకెలు మారవు. పాటల కూర్పులో చరణము చేరును, పాఠము మారును, తుదకు కర్తయే మారును.

కనుక దొరికినవెల్ల చేర్చినచో సంకలనమనియు, ఏరి కుదించినచో సంగ్రహమనియు, ప్రతులు పోల్చి కర్తృత్వమును విచారించినచో పరిష్కరణమనియు పేరిడవలెను. భద్రాచల ప్రాంతమున కోయ పాటలను సేకరించు విద్యార్థులును ప్రతి పాటను ఎవరినుండి, ఏ యూర, ఏ సందర్భమున వినిరో వ్రాయవలెను. ఆ వివరము లేనిచో తరువాతి పరిశోధకుడు దానిని పరీక్షింపజాలడు.