గజాల్లో కోనసీమ

కోనసీమను గురించి మన రచయితలు రాసినదాంట్లో సగానికి సగం ఇవాళ స్థలాల వ్యాపారికి పనికొస్తున్నది. ఈ మాట కొందరికి కష్టం కలిగించవచ్చు. కష్టపడే ముందు ప్లాట్ల కరపత్రాలు ఏవైనా నాలుగు ఎదట పెట్టుకుని చదవమని కోరుతున్నాను. కొబ్బరాకుల నీడ, కాలువ గట్టు, గోదావరి గాలి, గుడి గంట, పల్లె ప్రశాంతత, వాటితోపాటు పట్నపు సౌకర్యాలు. వీటిలో వ్యాపారి తనంతట తాను చేర్చినది పట్నపు సౌకర్యాలొక్కటే. తక్కినదంతా భావకవుల కాలం నుంచి మనం పోగుచేసి పెట్టిన సొత్తు. దానికి కంచె వేసి అమ్ముకోవడం మాత్రమే అతను చేసిన పని.

సాహిత్య విమర్శకు కరపత్రంతో పనేమిటని అడిగేవారు లేకపోలేదు. ఒక ప్రాంతాన్ని గురించి అందరికంటే ఎక్కువమంది చదివే వచనాన్ని విమర్శకుడు చదవకపోతే ఇంకెవరు చదువుతారు? పైగా ఆ వచనం మన రచనల కడుపున పుట్టిందే కదా.

నేను ప్రధానంగా అప్పనపల్లిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మామిడికుదురు మండలం, వైనతేయ ఒడ్డు. మొల్లేటి రామస్వామి అనే కొబ్బరి వర్తకుడి కొట్టులో మొదలైన పూజ బాలబాలాజీ క్షేత్రమై, 1991లో కొత్త ఆలయం వెలసి, దూరప్రాంతాల యాత్రికుల్ని రప్పించుకుంటున్నది. యాత్రికుడి వెనక రోడ్డు, రోడ్డు వెనక సత్రం, సత్రం వెనక స్థలం బేరం. ఏ క్షేత్రంలోనైనా ఇదే వరస. భక్తిని నేనిక్కడ తప్పుపట్టడం లేదు. కొట్టుకూ గుడికీ మధ్య గోడ పలచనిదని మాత్రం గుర్తు చేస్తున్నాను. ఇది నగర శివారు కాదు. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో సముద్రానికి ఎదురుగా లేచిన విల్లాల వరస ఇక్కడ లేదు. కానీ ఆ వరసను అమ్మిపెట్టిన భాష ఇక్కడికి ముందే చేరింది. భాష చేరిన చోటికి ప్రొక్లెయినర్ చేరడానికి ఎంతో కాలం పట్టదు.

ముందు కొలతను చూడండి. కోనసీమ రైతు ఎకరాల్లో మాట్లాడాడు. ఎకరం అన్నప్పుడు నీరు ఎటు పారుతుంది, ఎన్ని బస్తాలు, ఎన్ని చెట్లు అన్న ప్రశ్నలు వెంట వస్తాయి. ఎకరానికి నూరు సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. ఎకరాన్ని 4,840 గజాలుగా చెప్పేసరికి ఆ ప్రశ్నలన్నీ పోయి ఒక్కటే మిగులుతుంది: గజం ఎంత? ఉపయోగపు విలువకూ మారకపు విలువకూ మార్క్స్ చెప్పిన తేడా ఇంత నగ్నంగా ఇంకెక్కడా కనబడదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక ఖరీఫ్ పంటకు విరామం ప్రకటించారు. వేల ఎకరాలు బీడు పడ్డాయి. పండించడం కంటే ఊరక ఉంచడం నయమని రైతే తేల్చుకున్న నేల దగ్గరికి గజాల బేరగాడు రావడం ఎంతసేపు? వాళ్ళు దీన్ని ‘వెంచర్’ అంటారు. ఆ మాటకు సాహసమని అర్థం. ఎవరి సాహసమో!

1973 భూసంస్కరణల చట్టం చుట్టూ మన కథ, మన కవిత్వం ఎంత వేడెక్కాయో అందరికీ తెలుసు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవడానికి 2006లో వచ్చిన చట్టం చుట్టూ అంత వేడి నాకు కనబడలేదు. దున్నేవాడిదే భూమి అన్న నినాదం మనకు కంఠతా వచ్చు. దున్నడమే ఆగిపోయిన భూమిని గురించి ఏమనాలో మనకింకా తెలియదు. మన సాహిత్యానికి భూమి అంటే పొలం, లేదా జ్ఞాపకం. ప్లాటు దానికి వస్తువు కాలేదు.

జ్ఞాపకం సంగతికి వస్తాను. పసలపూడి పేరు చెప్పగానే తెలుగు పాఠకుడి ముఖం వికసిస్తుంది. వంశీ ‘మా పసలపూడి కథలు’ చేసిన పని అది. వాటిలో మనుషుల మాట, తిండి, చిలిపితనం సజీవంగా ఉన్నాయనడంలో నాకు సందేహం లేదు. అయితే పుస్తకం మూసిన తర్వాత సగటు పాఠకుడికి మిగిలేది గోదావరి గాలి. ఇక పాసర్లపూడి. పేరు ఇంచుమించు అదే, ఊరు వేరు. ఇది అప్పనపల్లి ఉన్న మామిడికుదురు మండలంలోనిదే. 1995 జనవరి 8న ఇక్కడ ఓఎన్‌జీసీ బావి బద్దలై 65 రోజులు మండింది. అదే మండలంలో నగరం అనే ఊరుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు నిలువునా మాడాయి. పసలపూడి తెలిసినంతగా పాఠకలోకానికి పాసర్లపూడి ఎందుకు తెలియదు? కవితలు రాలేదని కాదు. సంతాప తీర్మానాల్లాగా వచ్చాయి, వారం తిరిగేసరికి పాతబడ్డాయి.

ఇక్కడ నేల పైపొర రైతుది, అడుగున ఉన్న గ్యాస్ అతనిది కాదు. కరపత్రంలోని పటం చూడండి. గుడికి ఎన్ని నిమిషాలు, 216 జాతీయ రహదారికి ఎన్ని నిమిషాలు అన్నీ ఉంటాయి. గొట్టానికి ఎన్ని అడుగుల దూరమో ఉండదు. వరద ఎక్కడిదాకా వస్తుందో అసలే ఉండదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకల్ని ముంచెత్తింది. అప్పనపల్లి కాజ్‌వే మునగడానికి అంత వరద అక్కర్లేదు. ఏ వర్ణనలోనైనా ఏది వదిలేశారో చూడడం విమర్శకుడి మొదటి పని. ఈ పద్ధతిన చూస్తే మన ప్రకృతి కవితకూ ఆ పటానికీ దగ్గరి చుట్టరికం బయటపడుతుంది.

కోనసీమను సూటిగా చూసిన రచన మనకు లేకపోలేదు. ముంగండలో పుట్టిన మహీధర రామమోహనరావుగారు 1964లో ‘కొల్లాయి గట్టితేనేమి?’ వెలువరించారు. అందులో కొబ్బరిచెట్టు చూసి మురిసిపోవడానికి కాదు, అగ్రహారం, దాని కట్టుబాట్లు, అవి సడలుతున్న తీరు చెప్పడానికి ఉంది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకంలో పాలేరును బడికి పంపి అధికారిని చేశారు. ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’ ఆయనకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది. ఆయన భావాలన్నిటితో ఏకీభవించనక్కర్లేదు. కానీ అప్పనపల్లికి ఇరుగుపొరుగైన ఊళ్ళో పుట్టిన కవికి ఇల్లు అనగానే గుడిసె, గుడిసె అనగానే నిప్పు ఎందుకు తోచాయో కరపత్రం చదివేవాడు ఆలోచించాలి.

ఇక్కడే మనవాళ్ళు తొందరపడి చేసే ఒక పొరపాటును గురించి చెప్పాలి. స్థలం కొనడమంటేనే మధ్యతరగతి దురాశ అని తీర్పు చెప్పే కథలు వస్తుంటాయి. కోనసీమ నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళారు. వాళ్ళలో పేటల నుంచి వెళ్ళినవారు తక్కువేమీ కాదు. ఏళ్ళ తరబడి పరాయి వంటింట్లో నిలబడి కూడబెట్టినదానితో ఐదు సెంట్లు కొనుక్కున్న మనిషి దగ్గర నిలబడి భూవ్యామోహాన్ని గురించి ఉపన్యసించే అధికారం, తాతల నాటి పెంకుటింట్లో కూచుని కథలు రాసేవాడికి లేదు. 2020లో ప్రభుత్వం పేదలకు ఇళ్ళ పట్టాలిచ్చినప్పుడు పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. సుమారు 72 గజాలు. తలదాచుకునే సెంటున్నరకూ, పెరిగితే అమ్ముదామని ఎకరాలకు ఎకరాలు కట్టడి చేసి పెట్టుకోవడానికీ తేడా చూపలేని కథకు వర్గదృష్టి ఉందని నేనొప్పుకోను.

చెహోవ్ 1904 నాటి ‘చెర్రీ తోట’లో ఈ తేడా తెలిసిన రచయిత చెయ్యి కనిపిస్తుంది. తోట నరికి వేసవి విడుదులకు ప్లాట్లు వేయమని సలహా చెప్పేది లోపాఖిన్. అతని తాత, తండ్రి అదే జమీలో బానిసలు. చివరికి ఎస్టేటును వేలంలో కొనేదీ అతనే. చెహోవ్ అతన్ని దుర్మార్గుణ్ణి చేయలేదు, తోట పోయిందని ఏడ్చే యజమానురాలిని దేవతనూ చేయలేదు. గొడ్డలి చప్పుడు మాత్రం వినిపించాడు. మన కొబ్బరి తోటను గురించి అలా రాయగలిగినవాడికి, తోట పోతుందన్న బెంగ ఎవరిది, ఆ తోటలో అడుగు పెట్టే హక్కు ఎవరికి లేకపోయింది అన్న రెండు ప్రశ్నలూ ఒకేసారి గుర్తుండాలి.

‘గేటెడ్ కమ్యూనిటీ’ అన్న మాట తీసుకోండి. కమ్యూనిటీ అంటే సమాజం, సమష్టి జీవితం. దానికి గేటు! నవ్వొచ్చే మాటే, కానీ మనం నవ్వకూడదు. గోడ కనబడని గేట్లు మన ఊళ్ళకు ఎప్పుడూ ఉన్నాయి. అగ్రహారం ఇటు, ఊరు ఇటు, పేట అటు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరుకు ముందు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ ఒక మంత్రి ఇంటికీ ఒక శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టారు. ప్రశాంతమైన కోనసీమ అని కరపత్రం రాసేవాడికి ఆ రోజు లేదు. మనలో ఎంతమంది కథకులకు ఉంది?

అయినా సమష్టి జీవితం బొత్తిగా లేదనడం అబద్ధం. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం జరుగుతుంది. అక్కడ గుడి లేదు, ఉన్నది కొబ్బరి తోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ ప్రభలు అక్కడికి వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి, పచ్చటి చేలను తొక్కుకుంటూ వస్తాయి. పైరు నలిగిందని రైతు తగువు పడడు. ఈ ఆచారంలో ఎవరు మోస్తారు, ఎవరికి మర్యాద దక్కుతుంది అన్న ప్రశ్నలు వేయవలసిందే, వేద్దాం. కానీ కంచె లేని నేల ఉంటేనే అది సాధ్యం. చేలు ప్లాట్లయి ప్రహరీలు లేచాక ప్రభ ఎటుగా పోతుంది? అందుకు అనుమతి ఎవరినడగాలి, నివాసుల సంక్షేమ సంఘాన్నా? ఇది ఒక మంచి కథకు సరిపడే చిక్కు. ఇంతవరకు ఎవరూ ముట్టుకోగా నేను చూడలేదు.

ఇంకొకటి కూడా. కొబ్బరిచెట్టు మీద బతికేది తోట యజమాని ఒక్కడే కాదు. దింపు తీసేవాళ్ళున్నారు, కాయ ఒలిచేవాళ్ళున్నారు, పీచు తీసే ఆడవాళ్ళున్నారు, అంబాజీపేట కొట్లలో మోతకూలీలున్నారు. తోట అమ్మినప్పుడు దస్తావేజు మీద వీళ్ళ సంతకాలు ఉండవు, నష్టపరిహారం లెక్కలో వీళ్ళ పేర్లూ ఉండవు. లేఔటులో అందం కోసం నాలుగు చెట్లు ఉంచుతారు. వాటికి కాయ దింపడానికి మనిషి కావాలి గనక, మునుపు తోటంతా దింపినవాణ్ణే పిలిచి, గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పంపుతారు. కోనసీమ కథల సంకలనాలు వేసే మిత్రులు ఈసారి అతని కథ ఎవరిచేతనైనా రాయించాలి. అతనే రాస్తానంటే, రెండు పేజీలు ఎక్కువైనా కత్తిరించకుండా వేయాలి.