ఎర్రరాతి లోయకు దండం

అమెరికాలో యూటా రాష్ట్రపు ఆగ్నేయ మూల. మోయాబ్ ఊరి నుంచి ముప్పావుగంట ప్రయాణం. చదునుగా సాగిపోతున్న నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. పన్నెండు వందల అడుగుల దిగువన తెల్లని రాతి అంచు, దాని కింద మరో వెయ్యి అడుగుల లోతున నది. ఆ మధ్యంతా ఎరుపు. కుంకుమ ఎరుపు, ఇటుక ఎరుపు, ఎండిన నెత్తుటి ఎరుపు. కేన్యన్‌ల్యాండ్స్ లోయా, నీ ఒడ్డున నిలబడినవాడికి మొదట మాట పోతుంది. తర్వాత తొందర పోతుంది. నీకు దండం.

నీలోకి దిగే దారికి షేఫర్ ట్రైల్ అని పేరు. తొలుత ఆదివాసుల కాలిబాట. ఆ తర్వాత పశువుల కాపరులు మందలను దింపుకున్న దారి. ఆపైన యురేనియం లారీలు ఎక్కిదిగిన దారి. ఇప్పుడు శని ఆదివారాలు చేతిలో పెట్టుకుని వచ్చే మాలాంటి వాళ్ల దారి. ఒకవైపు గోడ, ఒకవైపు గాలి. దిగేముందు టైర్లలో గాలి కొంత తీసేస్తాం. బిగువు వదిలిన టైరు వెడల్పుగా పరుచుకుని రాతిని పట్టుకుంటుంది. బండిని లో గేరులో వేసి, ఇంజనుతోనే పట్టి ఉంచుతూ, బ్రేకు మీద కాలు అదిమి పెట్టకుండా దిగుతాం. ఎక్కి వచ్చే బండికి దిగేవాడు దారి ఇస్తాడు. ఇది రూలు, మర్యాద కూడా. హెయిర్‌పిన్ మలుపులన్నీ దాటి అడుగుకు చేరాక తల ఎత్తి చూస్తే, దిగి వచ్చిన దారి గోడలో కలిసిపోయి కనిపించదు.

అక్కడి నుంచి వైట్ రిమ్ రోడ్డు. వంద మైళ్ల మట్టిబాట, పీఠభూమి చుట్టూ ఒక ప్రదక్షిణం. ఎడంచేతి వైపు కొలరాడో నదిని కనిపెట్టుకుని బయలుదేరితే, దక్షిణపు కొన చుట్టి, గ్రీన్ నది పక్కగా పైకి వస్తాం. 1950లలో అణుశక్తి కమిషన్ యురేనియం కోసం వేయించిన బాట ఇది. బాంబుల కాలం అది. ఎంత వెదికినా ఇక్కడ దొరికింది స్వల్పం. గనుల వాళ్లు వెళ్లిపోయారు, బాట మిగిలింది. ఆ రోజుల్లోనే పక్కనున్న ఆర్చెస్ జాతీయ స్మారక ప్రాంతం అధికారి బేట్స్ విల్సన్ పెద్దలను జీపుల్లో ఎక్కించుకుని ఈ లోయలన్నీ తిప్పి చూపించాడు. చూసినవాళ్లు ఊరుకోలేకపోయారు. 1964 సెప్టెంబర్ 12న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో ఇది జాతీయ ఉద్యానవనమైంది. విధ్వంసం కోసం తవ్విన బాటను దర్శనానికి దారిగా మార్చుకున్న నేలా, నీకు దండం.

నీ గోడలే నీ చరిత్ర. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ కాలం వెనక్కి జరుగుతుంది. నిటారుగా నిలిచిన ఆ వింగేట్ శిల దాదాపు ఇరవై కోట్ల ఏళ్ల కిందటి ఎడారి ఇసుకదిబ్బ. దాని పాదాల దగ్గర బూడిదరంగులో జారిపోతున్న చిన్‌లే పొర, యురేనియం దాచుకున్నది అదే. దాని కింద ముదురు ఎరుపు మోయెన్‌కోపి రాతిపలకలు. ఒక పలక ముందు కూర్చుని చూశాను. వేసవిలో గోదావరి తగ్గినప్పుడు ఇసుక మీద మిగిలే అలల గీతలే, అచ్చంగా అవే, రాయిగా మారి ఉన్నాయి. వేలు పెడితే గట్టూ గాడీ తెలుస్తున్నాయి. ఏ సాయంత్రపు అలో గీసి వెళ్లిన గీతలు, తిరిగి రాని నీటి గీతలు. ఇక నేను కూర్చున్న ఈ తెల్లరాయి డైనోసార్లు పుట్టకముందు ఒక సముద్రతీరం. తన కింద ఉన్న మెత్తని ఎర్రమట్టి రాతికి గొడుగు పట్టి కాపాడుతోంది. గొడుగు పగిలినచోట లోయ పడింది. పగలనిచోట మాన్యుమెంట్ బేసిన్‌లో తెల్ల తలపాగా చుట్టుకున్న స్తంభాలు నిలిచాయి.

ఇంత లోయను తవ్వింది నీరు. ఏడాది మొత్తానికి పది అంగుళాల వాన కూడా పడని చోట! వానాకాలపు మధ్యాహ్నం ఎక్కడో మైళ్ల అవతల మబ్బు కురిస్తే, ఇక్కడ నీలాకాశం కింద ఎండిన వాగు ఎర్రగా పొంగి వస్తుంది. రెండు చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే సందులో నడుస్తూ తలెత్తితే, మనిషికి రెండింతల ఎత్తున రాళ్ల మధ్య ఇరుక్కున్న చెట్టుమొద్దు కనిపిస్తుంది. దాన్ని అక్కడ పెట్టింది వరద. అందుకే మబ్బు ఉన్న రోజు ఆ సందుల్లోకి ఎవరూ దిగరు. గోడల మీద వేలాడే నల్లని చారలు ఎడారి వార్నిష్: గాలి మోసుకొచ్చిన మట్టి, మాంగనీసు, ఇనుము వేల ఏళ్లపాటు పూసిన పూత.

ఆ వాననీరు బండల గుంటల్లో కొద్దికాలం నిలుస్తుంది. ఒక గుంట పక్కన బోర్లా పడుకుని చూశాం. అరచేతి లోతు నీళ్లు. అందులో గాజు తునకల్లాంటి చిట్టి రొయ్యలు వెల్లకిలా ఈదుతున్నాయి. గుంట ఎండేలోపు పుట్టాలి, పెరగాలి, గుడ్లు పెట్టాలి. తల్లి పోతుంది, గుడ్డు దుమ్ములో ఏళ్ల తరబడి వాన కోసం ఉంటుంది. మన చేతికి రాసుకున్న క్రీము చాలు, ఆ గుంటలోని లోకం అంతమైపోవడానికి. నీళ్లలో వేలు పెట్టకుండా లేచి వచ్చాం.

గుంటకు ఎగువన ఒక జునిపర్ చెట్టు. మెలికలు తిరిగిన ఒళ్లు. ఒక కొమ్మ ఎముకలా తెల్లబడి ఉంది, పక్క కొమ్మ పచ్చగా నీలికాయలతో ఉంది. కరువు ముదిరితే ఈ చెట్టు ఒక కొమ్మకు నీళ్లు ఆపేసి తక్కినదాన్ని బతికించుకుంటుంది. దాని మొదట్లో నల్లగా, గరుకుగా, చిన్నచిన్న గుట్టలుగా లేచిన మట్టి. తెలియనివాడికి అది వట్టి మట్టి. వంగి చూస్తే ప్రాణం. సయనోబ్యాక్టీరియా తడి తగిలినప్పుడల్లా కదిలి, జిగురుపోగులు వదిలి, ఇసుక రేణువులను ఒకదానికొకటి కుట్టేస్తుంది. దాని మీద లైకెన్లు, నాచు. ఈ పొరే గాలికి మట్టి లేచిపోకుండా ఆపుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఒక్క అడుగుకు నలిగిపోతుంది, మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. బాట దాటి చక్రం పెట్టవద్దని ఇక్కడ చట్టం ఎందుకు అంత కఠినమో ఈ జానెడు మట్టి ముందు వంగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రాత్రి తెల్లరాతి అంచు మీద గుడారం. కట్టెల మంట వేయకూడదు, స్టవ్వు మీదే టీ. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తలా కాస్త. పగటి వేడి రాతిలోంచి వదిలిపోతుంటే చలి మెల్లగా పైకి పాకుతుంది, స్వెట్టరు మీద జాకెట్టు పడుతుంది. దీపం ఆర్పిన కాసేపటికి పాలపుంత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంటుంది. 2015లో ఈ ఉద్యానవనానికి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు గుర్తింపు వచ్చింది. చీకటిని కూడా కాపాడవలసిన ఆస్తిగా లెక్కవేసిన నేల ఇది. చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసిన చుక్కలు ఎక్కడికీ పోలేదు. మన దీపాల వెనక ఉండిపోయాయి, అంతే. తెల్లవారగానే కేన్యన్ రెన్ అనే చిన్న పిట్ట పైస్థాయిలో ఎత్తుకుని, మెట్టు మెట్టుగా స్వరం దించుకుంటూ పాడుతుంది. గోడ ఆ పాటను పట్టుకుని ఇంకోసారి పాడుతుంది.

గ్రీన్ నది వంపులో ఫోర్ట్ బాటమ్ అనే గుట్ట. కాలినడకన ఎక్కితే పైన రాతి బురుజు శిథిలం. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ప్యూబ్లో ప్రజల పూర్వీకులు కట్టినది. కిందనున్న ఒండ్రునేలలో మొక్కజొన్న పండించుకున్నారు, పైనుంచి నదిని చూసుకున్నారు. వాళ్ల సంతతి హోపీలు, జూనీలు నేటికీ ఈ చోటును తమ పెద్దల ఇల్లుగానే ఎంచుతారు. రాయి మీద చేయి వేయకుండా, గోడకు ఆనుకోకుండా, చూసి దిగాం. ఇదే నది మీద 1869లో ఒంటిచేతి అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ చెక్కపడవల్లో సాగిపోయాడు. నది ఎవరినీ అట్టేపెట్టుకోలేదు.

లోయా, నీలో బతికేదంతా మితంతోనే బతుకుతోంది. చెట్టు కొమ్మను వదులుకుంది. రొయ్య తన ఆయుష్షును ఒక గుంట తడికి సరిపెట్టుకుంది. మట్టి ఏడాదికి నాలుగు వానలతో ఇల్లు కట్టుకుంది. ఇంత అందానికి ఇంత కొంచెం చాలునా అని అడిగితే, చాలునని నీ ప్రతి రాయీ సాక్ష్యం చెబుతోంది. ఎక్కువ కావాలన్న ఆరాటంతో నిన్ను తవ్వినవాళ్లకు నువ్వు పెద్దగా ఏమీ ఇవ్వలేదు. తక్కువతో వచ్చినవాళ్లకు అన్నీ చూపించావు.

చదివేవాళ్లకు ఒక మాట. డాలస్‌లోనో, డెన్వర్‌లోనో, ఫీనిక్స్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లు ఒక్క వారాంతం దీనికి కేటాయించండి. ముందుగా పర్మిట్ తీసుకోండి. మనిషికి రోజుకు గాలన్ నీళ్లు బండిలో వేసుకోండి, దారిలో తాగే నీరు దొరకదు. పిల్లలను తీసుకెళ్లి ఆ గుంట పక్కన బోర్లా పడుకోబెట్టండి. తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోండి. నడిస్తే బండ మీద నడవండి, లేదా వాగు ఇసుకలో నడవండి. ఆ నల్లమట్టి మీద మాత్రం అడుగు వేయకండి.