లోపలివైపు పనితనం

స్వెటర్ ఎవరు అల్లినా నేను ముందు లోపలివైపు తిప్పి చూస్తాను. డెంకణికోటలో చలి ముదరగానే ఊలు, సూదులు బయటికొస్తాయి గానీ రెండు రంగుల పువ్వులు అల్లే చేతులు తక్కువే. ఎర్ర ఊలుతో కుట్లు పడుతున్నంతసేపూ తెల్ల ఊలు వెనకాల ఊరికే సాగుతూ రావాలి. కష్టమంతా అక్కడే. ఆ పోగు బిగిస్తే ముందువైపు ముడతలు పడి మెడలో తల పట్టదు. మరీ వదిలేస్తే పసిబిడ్డ వేళ్లు ఇరుక్కుంటాయి. చేయి తిరిగినామె రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లను కాస్త ఎడంగా జరిపి, ఆ వెడల్పుకు సరిపడా పోగే వదులుతుంది. ఐదారు కుట్లు దాటితే మధ్యలో ఒకసారి రెండో ఊలుతో మెలేస్తుంది. అదీ ప్రతి వరుసలో ఒకేచోట కాదు, అలా చేస్తే ముందుకు గీతలా కనబడుతుంది. ఎర్రది పైనుంచి వస్తే తెల్లది చివరిదాకా కిందనుంచే రావాలి. కిందనుంచి వచ్చే రంగే పువ్వులో తేటగా తేలుతుంది.

షెట్లాండ్ దీవుల ఫెయిర్ ఐల్ అల్లిక పద్ధతిలోనూ వరుసకు రెండే రంగులు. మన ఉప్పాడ జాందానీ నేతగాళ్లు ఇంకా మొండివాళ్లు: ఒక్కో బుటాకు విడిగా చిన్న కండె పెట్టి, పోగును బుటా అంచునే వెనక్కి తిప్పేస్తారు. చీర రెండువైపులా ఒకేలా ఉంటుంది. ఊలుకు మాత్రం ఆ వెనక పోగులుంటేనే మేలు, గుడ్డ రెండు పొరలై చలిని బాగా ఆపుతుంది.