గబ్బిలాల పిరమిడ్డు

ఈ వారం నా మనసు పాడుచేసినవి ఫోటోలు. మా వినుకొండలో శివయ్య స్తూపం దగ్గర టీ తాగుతుంటే మా వీధి రిటైర్డ్ హెడ్మాస్టారు ఫోను చేతిలో పెట్టి, "చూడండి సార్, ప్యారిస్, వెనిస్, ఈజిప్టు. ఒక్కరోజులో చుట్టేశాం" అన్నారు. అంతా లాస్ వేగాసే. ఆ ఈఫిల్ టవరు ఎత్తు అసలుదానిలో సగం. ఆ వెనిస్ కాలువ పారేది మేడ మీద. పడవవాడు పాట పాడుతుంటే పైన కనిపించే నీలాకాశం సీలింగుకి వేసిన పెయింటు.

"మీరెప్పుడూ వెళ్ళలేదా?" అని కూడా అడిగారు. వెళ్ళాను. అదే కదా బాధ.

నకిలీ అంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ మామిడి తోరణాల మీద, పెళ్ళి మండపంలో థర్మోకోల్ తిరుమల మీద రాసీ రాసీ ఫంక్షన్ హాలు ఓనర్లకి పగవాణ్ణయ్యాను. అలాంటి నన్ను మా అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియా నుంచి కారులో తీసుకెళ్ళి లక్సర్ అనే పిరమిడ్డులో దింపారు.

1993లో తెరిచిన హోటలది. ముప్పై అంతస్తుల నల్లద్దాల పిరమిడ్డు, వాకిట్లో సింహం ఒంటికి మనిషి తల. గోడలు ఏటవాలు కాబట్టి లిఫ్టు కూడా 39 డిగ్రీల వాలున పక్కకి జరుగుతూ ఎక్కుతుంది. కదలగానే ఒక కుదుపు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆంజనేయ దండకం అందుకుంది. గదిలో కిటికీదీ అదే వాలు, దగ్గరికెళ్ళి కిందికి చూద్దామంటే ముందు నుదురు తగులుతుంది.

గదికి వంక పెట్టడానికేం లేదు. కానీ అక్కణ్ణుంచి ఎటు వెళ్ళాలన్నా జూదం మిషన్ల మధ్య నుంచే దారి. అక్కడ గోడకి గడియారం ఉండదు, పగలో రాత్రో తెలియదు. ఆ ఊళ్ళో చాలా హోటళ్ళు గదిలో కాఫీ కాచుకునే వీలు ఉంచవు, కాఫీ కోసమైనా జనం కిందికి దిగాలి కదా! మా ఆవిడ ఒక కెటిలుతో, ఇంటినుంచి తెచ్చిన కాఫీపొడితో ఆ ఎత్తు చిత్తు చేసింది. మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళ మొహాల్లో గెలుపూ ఓటమీ ఏదీ కనపడలేదు. మన మూడుముక్కలాటలో తిట్లైనా వినపడతాయి.

మయసభ గుర్తుకు రాకుండా ఉంటుందా? నేలనుకుని నీళ్ళలో పడ్డ దుర్యోధనుడి ఉడుకుమోత్తనమే చివరికి పాచికలదాకా తెచ్చింది. సభ ఒకచోట, జూదం ఇంకోచోట జరిగాయి. వేగాసువాళ్ళు రెండిటినీ ఒకే కప్పు కింద పెట్టి ఖర్చు కలిసొచ్చేలా చేశారు. కోడిపందెంలో రాజ్యం ఒడ్డిన పల్నాటినుంచి వెళ్ళి జూదం గురించి ఒకరికి చెప్పే మొహం మనకి లేదనుకోండి. అయినా ఆ మయసభ మాటతో ఒక కాలమ్ గిలికేసి చేతులు దులుపుకునేవాణ్ణే, ఆ రాత్రి బయటికి రాకపోయి ఉంటే.

చీకటిపడ్డాక ఆ పిరమిడ్డు కొసనుంచి నిట్టనిలువుగా ఒక వెలుగు లేస్తుంది. వెలుగుకి పురుగులు ముసురుతాయి. 2019 జులైలోనైతే ఏకంగా మిడతల దండే ఆ ఊరిమీద పడింది. పురుగుల కోసం గబ్బిలాలొస్తాయి. తలెత్తి చూస్తే తెల్లగా మెరుస్తూ, చీకట్లోకి పోతూ, మళ్ళీ మెరుస్తూ అవే. వినుకొండవాడికి గబ్బిలం కనపడితే ఇంకెవరు గుర్తొస్తారు? దళితుడికి గుడి తలుపు తెరవని దేశంలో, తలుపుతో పనిలేని గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురంపిన కవి జాషువాది మా వినుకొండే. మా ఊళ్ళోనే ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, ఇతణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారని కొందరు లేచారు. పద్యం బాగాలేదని కాదు.

"ఈ హోటళ్ళు మొదట్నుంచీ అందరినీ రానిచ్చేవా?" అని అల్లుణ్ణి అడిగాను. "లేదు మామయ్యా" అన్నాడు. తరవాత నేనూ చదివాను. 1950ల్లో నాట్ కింగ్ కోల్, సామీ డేవిస్ లాంటి గాయకులు స్ట్రిప్ అనే ఈ పెద్ద వీధి హోటళ్ళలో కిక్కిరిసిన జనానికి పాడేవారు. పాట అయ్యాక అదే హోటల్లో గది ఇచ్చేవారు కాదు. నల్లవాళ్ళుండే వెస్ట్‌సైడ్‌కి వెళ్ళి, ఎవరింట్లోనో అద్దెగదిలో పడుకునేవారు.

1955 మేలో ఆ పక్కనే మూలాన్ రూజ్ తెరిచారు. ప్యారిస్ నృత్యశాల పేరు, ప్యారిస్ అలంకరణ, అచ్చంగా నకిలీ. అతిథులకి స్వాగతం చెప్పే పని బాక్సర్ జో లూయిస్‌ది. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ తేడా లేకుండా గది ఇచ్చిన మొదటి కాసినో హోటలు ఆ ఊళ్ళో అదే. ఆ ఏడాదే మూతపడింది. 1960లో మెక్‌మిలన్ అనే పళ్ళ డాక్టరు, అక్కడి నల్లవాళ్ళ సంఘం నాయకుడు, ఈ వివక్ష ఆపకపోతే స్ట్రిప్ మీద ఊరేగింపు తీస్తామని గట్టిగా చెప్పాడు. మార్చి 26న, మూతపడిన ఆ హోటలు కాఫీ షాపులోనే అందరూ కూర్చున్నారు, ఇకమీద ఎవరినీ గుమ్మంలో ఆపబోమని హోటళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు.

థర్మోకోల్ తిరుమల మీద రాసినవేవీ నేను వెనక్కి తీసుకోను. కానీ ఆ దొంగ ప్యారిస్‌ని చూసి నవ్వడం నావల్ల కాలేదు. అది చేసిన పని, చుట్టూ ఉన్న అసలు సిసలు పెద్దమనుషులు చేయలేదు.

మనవాళ్ళెవరు వేగాస్ వెళ్ళినా 'వెల్కమ్' బోర్డు కింద ఫోటో తప్పదు. 1959లో దాన్ని గీసింది బెట్టీ విల్లిస్ అనే ఆవిడ. మూలాన్ రూజ్ బోర్డు గీసిందీ ఆవిడే. హోటలు ఇప్పుడు లేదు, బోర్డు అక్షరాలు నియాన్ మ్యూజియంలో ఉన్నాయి. పిల్లలు తమంతట తాము ఆ వైపు తీసుకెళ్ళరు, మనమే అడగాలి. ఆరుబయట చూడాలి కాబట్టి పొద్దుగూకాక వెళ్ళండి. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్ళమే గానీ, 2024 జులైలో అక్కడ 48.9 డిగ్రీలు కొట్టింది.