పాత బటన్, కొత్త స్క్రీన్

సరదాకు రాసుకునే నా చిన్న విండోస్ ప్రోగ్రాములకు ఈమధ్య కొత్త వేషం విప్పేసి పాతది కడుతున్నాను. బూడిదరంగు బటన్లు, కోసుగా నిలిచే మూలలు, నీడల్లేని మెనూలు. “ఇది 1995లో రాసిందా?” అని ఎవరైనా అడిగితే పని కుదిరినట్టే.

విండోస్ 95 బటన్‌ని పెద్దది చేసి చూడండి. అందులో బొమ్మంటూ ఏమీ లేదు. ముఖం బూడిదరంగు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 192. పైనా ఎడమనా తెల్ల గీత. కిందా కుడివైపూ ముదురు బూడిద గీత, దానికి బయట నల్ల గీత. వెలుగు ఎడమ పైమూల నుంచే పడుతుందని కన్ను అనుకుంటుంది గనక బటన్ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నొక్కితే పైనున్న తెలుపు పోయి నలుపొస్తుంది, అక్షరాలు ఒక్క పిక్సెల్ కుడికీ కిందికీ జరుగుతాయి. పనిచెయ్యని బటన్ మీద బూడిద అక్షరాల వెనకే తెల్ల అక్షరాలు ఒక పిక్సెల్ ఎడంగా పడి, చెక్కినట్టుంటాయి. ఉందా, నొక్కారా, నొక్కొచ్చా అన్న మూడు ప్రశ్నలకీ జవాబు ఆ గీతల్లోనే. (ఇది మైక్రోసాఫ్ట్ సొంత సొత్తేం కాదు. నెక్స్ట్ కంప్యూటర్లలోనూ, యూనిక్స్ వాళ్ల మోటిఫ్‌లోనూ అంతకు ముందే ఉంది.)

2001లో ఎక్స్‌పీ రంగులద్దింది. 2012లో విండోస్ 8 అన్నీ చదును చేసి, విండోస్ 7 దాకా ఉన్న క్లాసిక్ థీమ్‌ని కూడా తీసేసింది. ఇప్పుడు చాలా తెరల మీద ఏది బటనో, ఏది ఉత్త అక్షరాలో నొక్కి చూస్తే గాని తేలదు. పేజ్‌మేకర్ ముందు ఏళ్ల తరబడి కూర్చున్న మన డీటీపీ వాళ్లకి ఈ అవస్థ ఉండేది కాదు.

వెనక్కి వెళ్లడం కష్టమేం కాదు. కామన్ కంట్రోల్స్ 6వ వెర్షన్ కావాలని అడిగే మేనిఫెస్ట్‌ని ప్రోగ్రాము నుంచి తీసేస్తే విండోస్ 11 కూడా పాత తరహా బటన్లే గీస్తుంది. ఒక్క బటన్‌కే కావాలంటే సెట్‌విండోథీమ్ ఫంక్షన్‌కి ఖాళీ పేరు ఇస్తే చాలు. అంతా సొంతంగా గీసుకోవాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది. నేను ఆ జోలికి పోను. బటన్ మొత్తం మనమే తయారుచేస్తే ట్యాబ్ కీ, ఆల్ట్ అక్షరం, చూపులేనివాళ్లకి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వీటన్నిటి పనీ మళ్లీ మన నెత్తినే. రంగు విషయంలోనూ అంతే. 192 అని కోడ్‌లో రాసెయ్యకుండా బటన్ ముఖం రంగేదో విండోస్‌నే అడగాలి. హై కాంట్రాస్ట్ పెట్టుకున్నవాళ్ల తెర మీద మన బూడిదరంగు రుద్దే హక్కు మనకి లేదు.

పేచీ అంతా ఇప్పటి స్క్రీన్లతోనే. ఆ గీతలు అంగుళానికి 96 చుక్కల లెక్కతో పుట్టాయి. 150 శాతం స్కేలింగ్‌లో ఒక పిక్సెల్ గీత ఒకటిన్నర కావాలి. విండోస్‌ని సాగదియ్యమంటే అలుక్కుపోతుంది. అలకడం కన్నా సన్నగా ఉండటమే నయమని నేను ఒకటి దగ్గరే ఆపుతాను.

తెలుగు పేర్లు పెట్టినప్పుడు మాత్రం పాత కొలతలతో కుదరదు. అప్పటి బటన్ ఎత్తు 23 పిక్సెళ్లు, అక్షరాలు ఎంఎస్ శాన్స్ సెరిఫ్. అందులో తెలుగే లేదు. నిర్మలా ఫాంట్ పెట్టి ‘ముద్రించు’ అని రాస్తే కింద వత్తు అంచుకి తగులుతుంది. అందుకని ఎత్తు 28 చేశాను. రెట్రో పట్టింపున్నవాళ్లు మొహం చిట్లించుకోనీ, వత్తు తెగ్గొయ్యను.